పరిచారిక కాయకము: ధర్మము, చట్టము

గత బసవ జయంతినాడు పూజయు, ప్రవచనమును ముగిసి ప్రసాదవినియోగము జరిగిన పిమ్మట, మఠపు అరుగుమీద కూర్చున్న మా నడుమ ఒక గృహస్థు తన సందేహమును బయటపెట్టెను. ఆయన కుమార్తె ఇంటర్మీడియేటు ముగించి నర్సింగు చదువుదునని పట్టుబట్టినదట. తండ్రికి మూడు జంకులు. రోగుల మలమూత్రములను, నెత్తుటిని, శవములను ముట్టుకొను పని లింగధారి కన్యకు తగునా యనునది మొదటిది. రాత్రులందు చేయు కొలువు గదా, లోకమేమనునో యనునది రెండవది. ఈ కాలమున ఆసుపత్రిలో ఏ పొరపాటు జరిగినను కేసులు, కోర్టులు, పత్రికలలో ఫోటోలు. ఆ కత్తిమీద సాము ఆడపిల్లకేల యనునది మూడవది. "పండితులు గదా, మీరేమందురు?" అని నా వైపు తిరిగెను.

"కాయకమే కైలాసమని నమ్మినవారము గదా, నిస్సంకోచముగా పంపుడు" అని నేను వెంటనే చెప్పితిని. నలుగురును తల లూపిరి. కాని ఆ రాత్రి సికింద్రాబాదులోని మా యింట నాకు నిద్రపట్టలేదు. అంత తేలికగా ఆ మాట చెప్పిన నోటితోనే ఒకనాడు మాటాడవలసినచోట మాటాడక, ఒక నర్సుకు అన్యాయము జరుగుచుండగా చూచుచుంటిని. ఆ సంగతి తరువాత చెప్పెదను. ముందు ఆ తండ్రి అడిగిన ప్రశ్నలకు తొందరలేని సమాధానమును వెదకెదను.

మొదటి జంకు మైలను గురించినది. మన మతమున పంచసూతకములు లేవని చిన్ననాటినుండి వినుచున్నాము. జననసూతకము, మరణసూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్టసూతకము, కులసూతకము అను నీ యైదింటిని లింగధారికి శరణులు తొలగించిరి. ఇప్పుడొక ఆసుపత్రి వార్డును తలచుకొనుడు. అచట నర్సు ప్రసవము చేయించును. ప్రాణము పోయినవారి కనులు మూసి, దేహమును తుడిచి, గుడ్డ కప్పును. రక్తస్రావమైన స్త్రీని శుభ్రపరచును. వాంతి చేసికొన్నవాని మూతిని తన చేతితో తుడుచును. ఏ కులమువాడో అడుగక అందరికిని అదే చేతితో మాత్ర లిచ్చును. మనము గ్రంథములందు లేవని చదువుకొన్న ఐదు సూతకములను ఆమె ప్రతిదినమును తన చేతులతో లేవని నిరూపించుచున్నది. అట్టి పనికి మన యింటి పిల్ల తగదనుట శరణుల మాటను పెదవులతో మాత్రమే అంగీకరించుట గాదా? నిజమునకు మన మడుగవలసిన ప్రశ్న వేరు. ఆ పనికి కావలసిన శ్రద్ధ మన పిల్లకు కలదా యని అడుగవలెను.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ మనకు క్రొత్త గాదు. శివునకు తల్లి లేదే, ఆయన ఆలనాపాలనా చూచువారెవరని ఆమె మనసు కరగినది. తానే తల్లియై నీళ్ళు పోసినది, కాటుక పెట్టినది, పాలు పట్టినది. అంతట శివుడు ఆమె ప్రేమను పరీక్షింపగోరి పసిబిడ్డలకు వచ్చు అంగిటిముల్లు వ్యాధి తెచ్చుకొనెను. బిడ్డ పాలు త్రాగకున్నచో తల్లి పడు తల్లడమంతయు ఆమె పడినది. తన ప్రాణములనే తీసికొన సిద్ధపడినది. స్వామి ప్రత్యక్షమయ్యెను. మన తెలుగు వీరశైవ వాఙ్మయమున రోగి మంచము ప్రక్కన నిలిచిన స్త్రీమూర్తి ఈమెయే. పరిచర్యకు మూలమగు వాత్సల్యము ఎట్లుండవలెనో ఈ కథ చెప్పుచున్నది.

అయినను ఇచట ఒక విషయమును గమనింపవలెను. పురాణమున రోగి శివుడు గనుక ప్రేమ చాలినది. వార్డులోని రోగి మానవుడు. ఆతనికి ప్రేమయొక్కటే చాలదు. ఏ మందు, ఎంత, ఏ మార్గమున, ఏ వేళ, ఎవరికి అను నైదింటిని ప్రతిసారియు సరిచూచు చేయి కావలెను. తెలియనితనము కలిసిన దయ ప్రాణము తీయగలదు. చట్టము రంగములోనికి వచ్చున దిచటనే.

మన ప్రాంతములలో నర్సుల పేర్లను రిజిస్టరు చేయు చట్టము క్రొత్తది గాదు. మద్రాసు రాష్ట్రమున 1926లోనే నర్సులు, మంత్రసానులను గురించిన చట్టము వచ్చెను. దేశమంతటికిని ఒకే ప్రమాణముండవలెనని 1947లో భారత నర్సింగు కౌన్సిల్ చట్టము చేయబడెను. దాని స్థానమున నిలుపుటకు 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టమును ఆమోదించెను. ఈ చట్టములన్నిటి సారము ఒక్కటే. చదివి, పరీక్షలో నెగ్గి, రిజిస్టరులో పేరు నమోదైనవారే ఈ పని చేయవలెను.

ఇది కాగితపు నియమము గదా యని తేలికగా చూచువారు ఒక వ్యాజ్యమును తెలిసికొనవలెను. 1993 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతమున జ్వరముతో ఆసుపత్రిలో చేరిన ఒక బాలునికి నర్సు ఒక సూదిమందును నేరుగా సిరలోని కెక్కించెను. ఆ పనిని వైద్యుడు తానే చేయవలసియుండగా ఆమెకు వదలెను. బాలుని గుండె ఆగినది. మరల కొట్టుకొన్నను మెదడు శాశ్వతముగా దెబ్బతిన్నది. ఆ నర్సుకు తగిన అర్హత లేదని విచారణలో తేలెను. స్ప్రింగ్ మెడోస్ కేసుగా పేరుపడిన ఈ వ్యాజ్యమున 1998లో సుప్రీంకోర్టు బాలునికి పన్నెండున్నర లక్షలు, బిడ్డను ఆ స్థితిలో చూచుచు బ్రతుకవలసిన తల్లిదండ్రులకు ఐదు లక్షలు పరిహారమును ఖాయపరచెను. సూది వేసినది నర్సు. అర్హత లేనివారిని నియమించిన ఆసుపత్రియు, తన పనిని ఆమె చేతిలో పెట్టిన వైద్యుడును బాధ్యులైరి. సేవకుడు చేసిన తప్పునకు యజమాని బాధ్యుడను సూత్రమిది. అంతకు మూడేండ్ల ముందే, అనగా 1995లో, డబ్బు తీసికొని చేయు వైద్యము వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి వచ్చునని అదే న్యాయస్థానము తేల్చియుండెను.

పరిహారము వేరు, శిక్ష వేరు. ఒక మనిషిని నేరస్థుడని చెరసాలకు పంపవలెనన్న మామూలు పొరపాటు చాలదు, నిర్లక్ష్యము ఘోరమైనదై యుండవలెనని 2005లో జేకబ్ మాథ్యూ కేసున సుప్రీంకోర్టు చెప్పెను. ఊపిరాడక అల్లాడుచున్న వృద్ధునికి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా నుండెనన్నది అచటి ఫిర్యాదు. ఆసుపత్రిపై పరిహారపు బాధ్యత ఉండవచ్చును గాని వైద్యునిపై నేరము మోపరాదని కోర్టు నిర్ణయించెను. ఈ కథ చదివినప్పుడెల్ల నాకు తోచున దొకటే. ఆ సిలిండరును ముందునాడే ఎవరో ఒకరు ముట్టి చూచియుండినచో ఈ వ్యాజ్యమే లేదు. రోగికి అవసరము పడకముందే పరికరమును సరిచూచుట ఎవరి కంటను పడని పని. దానికి మెచ్చుకొనువారుండరు. కాయకమని శరణులు పేరు పెట్టినది ఇట్టి పనికే.

ఇక ఆ తండ్రి మూడవ జంకు నిరాధారమని నేననలేను. పూర్వపు శిక్షాస్మృతిలో నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవారికి, ఎవరైనను, రెండేండ్లవరకు కారాగారశిక్ష యుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దీనిని ఐదేండ్లవరకు పెంచినది. చికిత్స చేయుచు రిజిస్టరైన వైద్యుడు చేసిన నిర్లక్ష్యమునకు మాత్రము రెండేండ్లనే పరిమితిగా ఉంచినది. వైద్యుడనగా జాతీయ వైద్య కమిషన్ చట్టము గుర్తించిన పట్టము కలిగి వైద్యుల రిజిస్టరులో పేరున్నవాడని ఆ సెక్షనే వివరించినది. నర్సు పేరు ఆ రిజిస్టరులో నుండదు. ఆమె రిజిస్టరు వేరు. కావున అక్షరములను బట్టి చదివినచో, ఒకే మంచము ప్రక్క, ఒకే పనిలో జరిగిన ఒకే తప్పునకు వ్రాసి యిచ్చినవానికి రెండేండ్లు, వ్రాసినదానిని చేసినదానికి ఐదేండ్లు శిక్ష పడవచ్చును. కల్యాణమున మంత్రిని, చాకలిని, పడవవానిని సరిసమానముగా కూర్చుండబెట్టిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ యెచ్చుతగ్గు కంటికి కనబడకపోరాదు. చట్టమును సరిదిద్దుమని అడుగుట తప్పుగాదు. అడుగవలసినవారిలో మన మఠములును కలవు.

చట్టము ఎంత కఠినమైనను అది తప్పు జరిగిన తరువాత వచ్చును. తప్పు జరుగకముందు మనిషి చేయిపట్టి ఆపగలిగినది ధర్మమే. అందులకు మన పంచాచారములకంటె మంచి కొలతలు నాకు కనబడలేదు.

సదాచారమనగా నిజాయితీతో కూడిన కాయకము. ఆయ్దక్కి మారయ్య కల్యాణపు వీధులలో రాలిన బియ్యపు గింజల నేరుకొని తెచ్చి, దానితో దాసోహము చేయువాడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. "ఈ యధికము మనకేల? తెచ్చినచోటనే పోసి రమ్ము" అని తిప్పి పంపెను. ఎక్కువ తెచ్చినది దానమునకే గదాయని ఆమె సమాధానపడలేదు. మంచి పనికైనను మితము తప్పరాదన్నది ఆమె పట్టు. నర్సు చేతిలోని సిరంజిమీద గీతలుండును. ఆ గీతలవద్ద ప్రతిదినమును లక్కమ్మ పరీక్ష జరుగుచున్నది. రోగి బాధ చూడలేక వైద్యుడు వ్రాసినదానికంటె కొంచెమెక్కువ నిద్రమందు వేయుట దయగాదు. పదిమంది రోగులు పిలుచుచున్నారని వేయవలసిన మందును వేయకయే వేసితినని వ్రాయుట ఓర్పుగాదు. మితిమీరుటయు, మితికి తగ్గుటయు రెండును కాయకభంగమే.

శివాచారమనగా రోగులందరియందును శివుని సమముగా చూచుట. 1989లో పరమానంద కటారా కేసున, ప్రమాదమున గాయపడినవాని ప్రాణము కాపాడుటయే మొదటి పని, పోలీసు కాగితములు తరువాతివని సుప్రీంకోర్టు ఆదేశించెను. మన బస్తీలో 2020 నాటి సంగతి ఎవరు మరతురు? పూర్వపు ముషీరాబాదు చెరసాల ఉండిన చోట వెలసిన గాంధీ ఆసుపత్రిని కోవిడ్ రోగులకే కేటాయించిరి. కన్నబిడ్డలు సైతము దరిజేరలేని రోగులకు నోట నీరు పోసినవారు నర్సులు. ఆ రోగి యెవరని వారడుగలేదు. అదే దినములలో కొందరు ఇండ్లవారు డ్యూటీ ముగించి వచ్చిన నర్సులను వాటాలు ఖాళీ చేయుమనిరి. శివాచారము ఎవరి పక్షమున నుండెనో వేరుగ చెప్పనక్కరలేదు.

లింగాచారమును ఈ సందర్భమున తలచుట కొందరికి వింతగా నుండవచ్చును. కాని మన యిండ్లలో ఇది తరచుగా వచ్చు చిక్కు. శస్త్రచికిత్సకు తీసికొనిపోవునప్పుడు రోగి మెడలోని ఇష్టలింగమును తీయవలసివచ్చును. తొందరలో నున్న నర్సు అడుగకయే తాళిబొట్టునో, తాయెత్తునో తీసినట్లు తీసి ట్రేలో పడవేసినచో ఆ ముసలి ప్రాణము సగము అచటనే కుంగిపోవును. మరియొకరు, "అమ్మా, ఇది మీకు ప్రాణసమానమని తెలియును. లోపల లోహముగాని, దారముగాని ఉండరాదు. మీ చేతితోనే తీసి మీ కుమారునికిండు, బయటికి రాగానే ధరింతురు" అని చెప్పుదురు. పని ఒక్కటియే, ఒకటి అపచారము, రెండవది ఆచారము. అడిగి చేయుట కేవలము మర్యాదగాదు, చట్టమును అదే. మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 1990లో ఒక ఇంజనీరింగు విద్యార్థికి ఎదలోని కంతినుండి పరీక్షకొరకు ముక్క తీయుటకని ఒప్పుదల పొంది, కంతినే తొలగించిరి. ఆతని రెండు కాళ్ళును చచ్చుబడినవి. ఆతడు చక్రాల కుర్చీలో కూర్చుండియే తన పక్షమును వినిపించెను. 2009లో సుప్రీంకోర్టు ఆతనికి కోటి రూపాయల పరిహారమును విధించెను. ఒకదానికి ఇచ్చిన ఒప్పుదల మరియొకదానికి ఒప్పుదల గాదు. రోగిచేత సంతకము పెట్టించు కాగితము సాధారణముగా నర్సు చేతిమీదుగానే పోవును. ఆ రోగి నిజముగా గ్రహించెనో లేదో మొదట తెలియునదియు ఆమెకే.

ఇక మిగిలినవి భృత్యాచారము, గణాచారము. నర్సు ధర్మసంకటమంతయు ఈ రెండింటి నడుమ కలదు. భృత్యాచారము వినయమును నేర్పును. తానందరికిని భృత్యుడనని భక్తుడు తలచవలెను. గణాచారము అధర్మమును చూచి ఊరకుండవలదని నేర్పును. వైద్యుడు వ్రాసినదానిని చేయుట నర్సు విధి. కాని ఆ వ్రాతలో తప్పున్నట్లు ఆమెకు తోచినచో? 8 యూనిట్ల ఇన్సులిన్ అని వ్రాయుటకు అంకె ప్రక్కన ఇంగ్లీషు యూ అక్షరమును గబగబ వ్రాసినచో అది సున్నవలె కనబడి 8 కాస్త 80 అగును. అందుచేతనే యూనిట్లు అను మాటను పూర్తిగా వ్రాయవలెనని నియమము పెట్టిరి. 80గా కనబడినదానిని చూచి "డాక్టరుగారూ, ఇది ఎనిమిదియా, ఎనుబదియా?" అని అర్ధరాత్రి ఫోను చేసి అడుగుటకు ధైర్యము కావలెను. విసుగుకొనిన వైద్యుని గద్దింపును ఓర్చుటకు వినయము కావలెను. అడుగక చేసినచో, ఆజ్ఞను పాటించితినన్న మాట ఆమెను న్యాయస్థానమున పూర్తిగా కాపాడదు. మనస్సాక్షి యెదుట అసలే కాపాడదు. నిజమైన భృత్యాచారము వైద్యుని కోపమునకు లొంగుట గాదు, రోగి ప్రాణమునకు లొంగుట. ఆ దృష్టితో చూచినచో రెండాచారములకును వైరుధ్యము లేదు.

ఇప్పుడు నా మాట చెప్పెదను. కొన్నేండ్ల క్రితము మా అన్నగారు మధుమేహము ముదిరి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నుండిరి. ఒక సాయంకాలము డ్యూటీ మారు వేళ, దిగిపోవుచున్న నర్సు ఇన్సులిన్ వేసి చార్టులో వ్రాయుట మరచెను. ఎక్కిన నర్సు చార్టు చూచి, వేయలేదనుకొని, మరల వేసెను. కొంతసేపటికి అన్నగారికి చెమటలు పట్టి చేతులు వణకసాగెను. ఆ పిల్ల పరుగున వచ్చి చక్కెర పరీక్షించి, డాక్టరును పిలిపించి, గ్లూకోజు ఎక్కించెను. గంటలో అన్నగారు తేరుకొనిరి. అప్పుడామె మా యెదుటికి వచ్చి, "రెండుసార్లు ఇన్సులిన్ పడినదండి. నేను అడిగి తెలిసికొని వేయవలసినది. తప్పు నాది" అని చెప్పెను. ఆమెకు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్లుండును. ఆ రాత్రి ఆ యంతస్తు మొత్తమునకు ఇద్దరే నర్సులు.

మాలో పడుచువారు మండిపడిరి. కొట్టబోయినంత పనిచేసిరి. యాజమాన్యము ఆమెను మరునాడే పనినుండి తొలగించి, మమ్ము శాంతింపజేసితిమనుకొన్నది. వ్రాయ మరచిన మొదటి నర్సును గురించిగాని, అంతమంది రోగులకు ఇద్దరినే ఉంచినవారిని గురించిగాని ఎవరును ప్రశ్నింపలేదు. పిల్లలకు నీతిపద్యములు బోధించి ఉపాధ్యాయుడనైన నేను గోడ ప్రక్కన నిలుచుంటిని. ఒక్క మాట చెప్పియుండవలసినది, చెప్పలేదు. మంచముమీదనున్న అన్నగారు మాత్రము అనిరి: "నిజము చెప్పిన పిల్లను పంపివేసితిరి. రేపు నాకు సూది వేయువారు తప్పు జరిగినచో మనకు చెప్పెదరా?"

ఆ ప్రశ్నకు నేటికిని నావద్ద జవాబు లేదు. ఆ పిల్ల తప్పు చేయలేదని నేననను. అడుగక మరల వేయుట తప్పే. రోగి మరణించియుండినచో దాని ఫలము ఆమె అనుభవింపవలసినదే. కాని ఆమె తప్పును ఆమె సత్యము కాపాడినది. వెంటనే గుర్తించి, దాచక చెప్పినందుననే మా అన్నగారు బ్రతికిరి. దాచియుండినచో ఆమె కొలువు నిలిచెడిది, అన్నగారు నిలిచెడివారు కారు. మేము ఆ రెండింటిలో శిక్షించినది తప్పునా, సత్యమునా? ఆ వార్డులోని తక్కిన నర్సులు ఆనాడు నేర్చుకొన్న పాఠ మేమి? తప్పు చేయకుడని గాదు, చెప్పకుడని. అసత్యమాడరాదని బోధించు మతమున పుట్టి, సత్యమునకు వెల పెట్టి మేము వసూలు చేసితిమి.

కావున పరిచారిక బాధ్యతను గురించి మాటాడునప్పుడు మన బాధ్యతను వదలి మాటాడరాదు. ఆసుపత్రి సిబ్బందిపై చేయి చేసికొనుట నేరమని 2008లో మన ఉమ్మడి రాష్ట్రము ప్రత్యేక చట్టము చేసెను. దానికి మూడేండ్లవరకు కారాగారము, ఏబదివేలవరకు జరిమానా. ఆ చట్టము నర్సులకును వర్తించును. అట్టి చట్టమొకటి కావలసివచ్చుటయే మనకు సిగ్గు. తప్పు జరిగినప్పుడు ప్రశ్నింపవలదని నా భావము గాదు. రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చును. నర్సింగు కౌన్సిలుకు, వినియోగదారుల కమిషనునకు పోవచ్చును. కాని ప్రశ్నను పైనుండి మొదలుపెట్టవలెను. ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులున్నారు? వారు రిజిస్టరైనవారేనా? డ్యూటీ మారునప్పుడు చార్టు చదివి ఒకరి కొకరు అప్పగించుచున్నారా? ఈ ప్రశ్న లడుగక, అందరికంటె క్రింద నున్న పిల్లను పట్టుకొని ఊపుట గణాచారము గాదు, పిరికితనము.

నర్సులు చేయగల కాయకమునకు మన కాలపు సాక్ష్యమొకటి కలదు. ఉత్తర కన్నడ జిల్లా హల్దీపురమునుండి ముంబయి కెమ్ ఆసుపత్రికి నర్సుగా పోయిన అరుణా శాన్‌బాగ్‌పై 1973 నవంబరు 27న ఆ యాసుపత్రి పనివాడొకడు క్రూరమైన దాడి చేసెను. ఆమె మెదడు దెబ్బతిని, చూపు, మాట పోయి, మంచమునకే అంకితమైనది. 2015 మే 18న కన్నుమూయువరకు దాదాపు నలుబది రెండేండ్లు ఆమెకు స్నానము చేయించి, తినిపించి, ప్రక్క మార్చినవారు ఆ యాసుపత్రి నర్సులే. కొలువులోనికి వచ్చినవారు రిటైరై పోయిరి. క్రొత్తవారు వచ్చి అందుకొనిరి. అన్నేండ్లు పడకమీదనున్న దేహమునకు పడకపుండ్లు పడలేదని వైద్యులు చెప్పగా సుప్రీంకోర్టు తీర్పులోనే నమోదైనది. ఆమెకు ఆహారము నిలిపి ప్రాణమును విడువనిండని ఒకరు కోర్టుకు పోగా, మేము చూచుకొందుమని ఆ నర్సులనిరి. 2011 మార్చి 7న కోర్టు ఆ యభ్యర్థనను త్రోసిపుచ్చెను. అట్టి జీవితమును పొడిగించుట తగునా యన్న ప్రశ్నపై పెద్దలలో భిన్నాభిప్రాయములున్నవి. నేను తీర్పు చెప్పజాలను. కాని ఏ చట్టమును ఆ పడకపుండ్లు పడకుండ ఆపలేదు. రెండు గంటల కొకసారి ప్రక్క మార్చిన చేతులు ఆపినవి. దాసోహమనగా నాకు తెలిసిన అర్థమిదియే.

చట్టము పరిచారికకు క్రింది గీత గీయును, అంతకు దిగరాదనును. పై గీత లేదు. ఆ రెండింటి నడుమ నున్నదంతయు ఆమె మనస్సాక్షికి వదలబడినది. ఆ మనస్సాక్షిని పెంచవలసినవారు కళాశాలవారు మాత్రమే గారు. ఇల్లు, మఠము, మనము.

ఆ గృహస్థు ఇంటికి మొన్న నేనే పోయితిని. ముందిచ్చిన సమాధానము సగమే యని ఒప్పుకొంటిని. "పంపుడు. రాత్రి డ్యూటీనిగురించి లోకమేమనునోయని జంకవలదు. ఆ లోకమునకు రోగము వచ్చినప్పుడు రాత్రి మేలుకొని యుండునది ఆమెయే. గుర్తింపుగల కళాశాలయేనా యని మాత్రము విచారించి చేర్పించుడు. చేసినదానిని వెంటనే వ్రాయుమనుడు, సందేహమున్నచో ఎంతటివానినైనను అడుగుమనుడు, తప్పు జరిగినచో దాచవలదనుడు. ఆ చివరి మాట చెప్పునప్పుడు, నిజము చెప్పి కొలువు పోగొట్టుకొని వచ్చినచో ఈ యింటి తలుపు తెరచియే యుండునని కూడ చెప్పుడు. అది చెప్పలేనిచో ముందు మాటలు చెప్పుటకు మనకధికారము లేదు" అంటిని.

ఆయన కొంత తడవు మాటాడలేదు. లోపలినుండి ఆ పిల్లయే వచ్చి నాకు మంచినీళ్ళిచ్చెను. తండ్రి ఆమె వైపు చూచి, "వింటివా అమ్మా?" అనెను. "వింటిని నాన్నగారూ" అన్నది.